స్ప్రింగు కోసే ముందు లోయర్ ఆర్మ్ సంగతి చూడండి

మా అనంతపురంలో సొంత చిన్న కారుతో, కోన్ల మధ్య గడియారంతో పోటీ పడే ఆటోక్రాస్‌కు పోవాలని ఉబలాటపడే కుర్రవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "అన్నా, ముందర ఎంత దించితే బాగుంటాది?" నా జవాబూ మారదు. ఇప్పుడే దించొద్దు. చేతిలో ఉన్న డబ్బు ముందు, చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లకు, బాల్ జాయింట్లకు, స్ట్రట్ మౌంట్లకు పెట్టు. మిగిలితే మంచి డ్యాంపర్లు (షాక్ అబ్సార్బర్లు) కొను. స్ప్రింగుల మాట ఆ తర్వాత. ఎత్తు మాట అన్నిటికంటే చివర.

ఈ మాట చెప్పగానే ఎదుటివాడి ఉత్సాహం సగం తగ్గిపోతుంది. ఎందుకో నాకు తెలుసు. బుష్ అంటే ఇనుప గొట్టానికి అంటుకున్న రబ్బరు. కొత్తది వేసినా ఎవరికీ కనపడదు, ఫొటోలో పడదు, స్నేహితులకు చూపించడానికి ఏమీ ఉండదు. రంగు స్ప్రింగులు వేసి చక్రానికీ ఫెండరుకూ మధ్య సందు తగ్గిస్తే మాత్రం బండి మారినట్టు వీధి చివరి నుంచే తెలుస్తుంది. ఆ ఆశ నాకూ అర్థమవుతుంది. కానీ కోన్ల మధ్య గడియారంతో పోటీ పడాలంటే బండి ఎలా కనిపిస్తోందన్నది పక్కన పెట్టి, ముందు టైరు నేలకు ఎలా ఆనుతోందన్నది చూడాలి. ముందు సస్పెన్షన్ మీద పెట్టే ప్రతి రూపాయినీ నేను ఆ ఒక్క ప్రశ్నతోనే తూస్తాను.

మన దగ్గర తిరిగే చిన్న కార్లకు, అది స్విఫ్ట్ కానీ, పోలో కానీ, ఐ20 కానీ, పాత జెన్ కానీ, ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన ఏర్పాటు ఇది. 1950ల మొదట్లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సల్, జెఫైర్ కార్లతో రోడ్డెక్కింది. 1983లో వచ్చిన మారుతి 800కూ ఇదే. ఖర్చు తక్కువ, భాగాలు తక్కువ, అడ్డంగా కూర్చున్న ఇంజిను పక్కన సులువుగా ఇముడుతుంది. అందుకే డెబ్బై ఏళ్ళుగా చిన్న కార్లను వదలలేదు.

కింద ఒకే ఒక్క లోయర్ ఆర్మ్ ఉంటుంది. దాని లోపలి వైపు రెండు బుష్‌లు, బయటి చివర బాల్ జాయింటు. పైన స్ట్రట్, అంటే స్ప్రింగూ డ్యాంపరూ కలిసిన గొట్టం, టాప్ మౌంటు ద్వారా బాడీకి బిగిసి ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే టై రాడ్ లాగుతుంది, స్ట్రట్ మొత్తం తిరుగుతుంది. అంటే చక్రం ఎటు చూడాలో నిర్ణయించేవి పైన టాప్ మౌంటు, కింద బాల్ జాయింటు, పక్కన టై రాడ్ ఎండ్. ఆ బాల్ జాయింటును చోటు కదలకుండా పట్టుకునే పని ఆ రెండు బుష్‌లది. వీటిలో ఏ ఒక్కటి వదులైనా, మిగతావన్నీ ఎంత ఖరీదైనవి వేసినా, చక్రం తనకు నచ్చినట్టు తిరుగుతుంది. కీలు ఊగుతున్న తలుపుకు కొత్త గడియ బిగించినట్టే.

ఇప్పుడు మలుపులో ఏం జరుగుతుందో చూద్దాం. బండి బయటికి ఒరుగుతుంది. బయటి వైపు ముందు చక్రం కూడా బాడీతోపాటు బయటికి వాలుతుంది. టైరు అడుగు పూర్తిగా ఆనకుండా బయటి అంచు మీదికి బరువంతా పోతుంది. ఆటోక్రాస్ ఆడి వచ్చిన స్విఫ్ట్ ముందు టైరును దగ్గరగా చూడండి. లోపలి సగం మీద రబ్బరు నున్నగా, దాదాపు కొత్తగా ఉంటుంది. బయటి భుజం మీద పొట్టు లేచి ఉంటుంది. టైరు పక్కన అచ్చుపోసిన చిన్న త్రిభుజం గుర్తు దాటి పక్కగోడ మీద కూడా గీరిన మచ్చలు కనిపిస్తాయి. "అండర్‌స్టీర్ అన్నా, తిప్పినా తిరగట్లేదు" అని కుర్రాడు చెప్పేదానికి సాక్ష్యం అక్కడ రాసి ఉంది. టైరు సగమే పనిచేస్తోంది.

దీనికి మందు బండిని దించడమే అని చాలామంది నమ్మకం. కిందికి దించితే బరువు కిందికి వస్తుంది, ఒరుగు తగ్గుతుంది అంటారు. లెక్క వేద్దాం. డ్రైవరుతో కలిపి బండి 1,100 కిలోలు అనుకుందాం. గురుత్వ కేంద్రం నేల నుంచి 540 మిల్లీమీటర్ల ఎత్తులో, రెండు చక్రాల మధ్య వెడల్పు 1,470 మిల్లీమీటర్లు. గురుత్వంలో 0.8 వంతు పక్కబలంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు సుమారు 323 కిలోలు. ఇప్పుడు 30 మిల్లీమీటర్లు దించండి. అదే లెక్క 305 కిలోలు అవుతుంది. ముందు, వెనక కలిపి తగ్గింది 18 కిలోలు. స్పేర్ చక్రం, జాకీ, డిక్కీలోని సామాను తీసి ఇంట్లో పెట్టి పోయినా అంతకు దగ్గర బరువు పైసా ఖర్చు లేకుండా బండి నుంచి పోతుంది.

ఇంకొక మాట. స్ప్రింగు గట్టిదైనా మెత్తదైనా మారే మొత్తం బరువు మారదు. పై లెక్కలో స్ప్రింగు ఎక్కడా లేదు చూడండి. ఉన్నవి బరువు, ఎత్తు, వెడల్పు, మలుపు వేగం మాత్రమే. స్ప్రింగు చేసే పని బండి ఎంత ఒరగాలో, ఆ బరువును ముందు ఎంత, వెనక ఎంత పంచాలో నిర్ణయించడం. ముందు చక్రాలతో నడిచే బండికి ముందు స్ప్రింగులు మాత్రం గట్టివి వేస్తే, ముందు బయటి టైరు మీదికి మరింత బరువు నెట్టినట్టే. అప్పటికే అలసిపోయిన టైరు అది.

దించడంలో అసలు నష్టం మెక్‌ఫర్సన్ ఏర్పాటు స్వభావంలోనే ఉంది. కంపెనీ ఎత్తులో లోయర్ ఆర్మ్ బయటి చివర కొంచెం కిందికి వాలి ఉంటుంది. అలా ఉన్నంతవరకు చక్రం పైకి లేచేకొద్దీ ఆర్మ్ బాల్ జాయింటును బయటికి నెడుతుంది, చక్రం పైభాగం కొద్దిగా లోపలికి వాలుతుంది. ఒరుగు వల్ల పోయిన కోణంలో కొంతైనా తిరిగి వస్తుంది. బండిని బాగా దించితే ఆర్మ్ అడ్డంగా వచ్చి, ఆ తర్వాత బయటి చివర పైకి లేస్తుంది. అక్కడి నుంచి చక్రం లేచేకొద్దీ బాల్ జాయింటు లోపలికి రావడం మొదలవుతుంది. వచ్చే కాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) పోయి, ఉన్నదీ తగ్గుతుంది. రోల్ సెంటర్ అనే ఊహాబిందువు గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందికి జారిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరమే ఒరుగుకు మీట. మీట పొడవు పెరిగింది కాబట్టి బండి కిందికి దిగినా ఒరగాలనే గుణం పెరుగుతుంది. టై రాడ్, లోయర్ ఆర్మ్ కోణాలు పొంతన తప్పితే చిన్న గతుకు ఎక్కినా చక్రం తనంతట తాను కాస్త తిరుగుతుంది.

"మరి రేసు కార్లన్నీ కిందికే ఉంటాయి కదా" అంటారు. ఉంటాయి. కానీ వాళ్ళు దించిన తర్వాత బాల్ జాయింటు పిన్ను పొడవు పెంచుతారు, టై రాడ్ ఎండ్ స్థానం మారుస్తారు, చక్రం హబ్బును పట్టుకునే నకిల్ కూడా మారుస్తారు. ఆర్మ్ కోణం మళ్ళీ సరైన చోటుకు వచ్చేదాకా పని ఆపరు. మన షెడ్డులో జరిగేది మొదటి సగం మాత్రమే.

ఇక చక్రం పైకీ కిందికీ కదిలే ప్రయాణం సంగతి. చక్రం పైకి లేవడానికి స్ట్రట్‌లో 70 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. 40 దించితే 30 మిగిలింది. మలుపులో ఒరుగుతోనే ఆ 30 అయిపోతుంది, స్ట్రట్ ఇంకా కుంగకుండా ఆపే బంప్ స్టాపరు తగులుతుంది. బంప్ స్టాపరు కూడా ఒక స్ప్రింగే, పైగా చాలా గట్టిది. అది తగిలిన క్షణంలో ఆ మూల ఒక్కసారిగా బిగుసుకుంటుంది, ముందు టైరు పట్టు వదులుతుంది. మలుపు మొదట్లో బాగానే తిరిగి, మధ్యలో హఠాత్తుగా బయటికి జారిపోయే బండ్లను నేను చూసినంతవరకు చాలావాటికి జబ్బు ఇదే. బంప్ స్టాపరు నున్నగా నలిగి, పొడి రాలి ఉంటుంది. అది తన డ్రైవింగ్ లోపం అనుకుని ఆ బండి నడిపే కుర్రాడు ఇంకా బ్రేకు ఆలస్యంగా వేయడం సాధన చేస్తుంటాడు.

స్ప్రింగు కోయడం గురించి ఎక్కువ రాయను. గ్యాస్ కట్టరు వేడికి ఉక్కు పదును పోతుంది. కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులై సీటు నుంచి తప్పుకోవచ్చు. ఒక చుట్టు తీస్తే స్ప్రింగు కాస్త గట్టిపడుతుందన్నది నిజమే, ఎంత గట్టిపడిందో కొలిచినవాడు మాత్రం ఎవడూ ఉండడు. ఈ పని ఎవరి బండికీ చేయించకండి. ఎవరైనా ఉచితంగా చేస్తామన్నా వద్దనండి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వద్దాం, రబ్బరుకు.

లోయర్ ఆర్మ్ రెండు బుష్‌లలో ముందుది ఎక్కువగా పక్కబలాన్ని మోస్తుంది. వెనకది పెద్దది, చాలా బండ్లలో మధ్యలో ఖాళీలు వదిలి పోతపోసి ఉంటుంది. గతుకుల దెబ్బ క్యాబిన్‌లోకి రాకుండా చక్రం కొంచెం వెనక్కి జరగడానికి కంపెనీ వదిలిన వెసులుబాటు అది. బ్రేకు వేస్తే చక్రం వెనక్కి పోవాలని చూస్తుంది, యాక్సిలరేటరు తొక్కితే ముందుకు లాగుతుంది. కొత్త బుష్ ఈ కదలికను అదుపులో ఉంచుతుంది. చిరిగిన బుష్ ఉంటే బ్రేకు మీద ఒక టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం), యాక్సిలరేటరు మీద ఇంకొక టో. మలుపులోకి బ్రేకుతో వచ్చి గ్యాస్‌తో బయటపడే ఆటోక్రాస్‌లో, ప్రతి మలుపులోనూ చక్రాల దిశ రెండుసార్లు మారిపోతుందన్నమాట. అలైన్‌మెంట్ యంత్రం మీద బండి కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి అక్కడ ఇదేమీ కనపడదు.

దీన్ని చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చదునైన చోట ఒకరు బండిలో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, మొదటి గేరులో క్లచ్ కొంచెం వదలాలి, తర్వాత రివర్సులో అలాగే. ఇంకొకరు బండికి ఎదురుగానో వెనకనో కాకుండా, దూరంగా పక్కన నిలబడి చక్రానికీ ఫెండరు అంచుకూ మధ్య సందు చూడాలి. చక్రం ముందుకూ వెనక్కూ స్పష్టంగా జరిగితే వెనక బుష్ పని అయిపోయింది. బాల్ జాయింటుకు బండిని లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే రెండు అనుమానాలు: బాల్ జాయింటు, లేదా వీల్ బేరింగు. అప్పుడు ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఊపు ఆగిపోతే బేరింగు, ఆగకపోతే జాయింటు. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్, దాని లోపలి కొసన ఉండే రాక్ ఎండ్ చూడాలి. టాప్ మౌంటుకు స్ప్రింగు చుట్టు మీద చేయి ఆనించి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించండి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా ఆగి ఆగి, టంగుమని ఎగిరితే మౌంటు బేరింగు పోయినట్టే.

మా వైపు ఇవి తొందరగా పోవడానికి కారణాలున్నాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్ళు మావి. ఎండకూ తారు వేడికీ రబ్బరు ఎండి పగుళ్ళిస్తుంది. బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు ఒక్కచోట చినిగితే చాలు, ఎర్రదుమ్ము లోపలి గ్రీజులో కలిసి జాయింటును తినేస్తుంది. ఐదారేళ్ళు ధర్మవరం, కదిరి రోడ్ల మీద తిరిగిన కుటుంబం బండిని తీసుకుని, ఇవేవీ చూడకుండా ఎత్తు మార్చుకోగల కొత్త స్ప్రింగు-డ్యాంపరు జతలు, అంటే కాయిలోవర్లు, బిగిస్తే, లక్ష దగ్గరికి పోయే ఆ సరంజామా మొత్తం చినిగిన రబ్బరు మీద వేలాడుతున్నట్టు.

కొత్త ఆర్మ్ బిగించే పద్ధతిలోనే చాలా షెడ్లలో తప్పు జరుగుతుంది. బండి లిఫ్టు మీద ఉంటుంది, చక్రాలు కిందికి వేలాడుతుంటాయి, ఆ స్థితిలోనే బుష్ బోల్టులు ఎయిర్ గన్‌తో బిర్రుగా బిగించేస్తారు. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టు బిగువుకు కదలదు, బయటి గొట్టం ఆర్మ్‌తో తిరుగుతుంది, మధ్యలో రబ్బరు మెలిపడుతుంది. దాని పని తీరే అది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగి తన ఎత్తుకు వచ్చేసరికే రబ్బరు ఒక వైపు మెలితిరిగి ఉంటుంది. గతుకు వచ్చినప్పుడు ఇంకా మెలిపడుతుంది. కొన్నాళ్ళకే చిరుగుతుంది. "కంపెనీ సామాను అన్నారు, ఇంతలోనే పోయిందే" అంటారు. సామానులో ఏ లోపమూ లేదు. బోల్టులు వేలితో తిప్పినంత బిగువులో ఉంచి, బాల్ జాయింటు కింద జాకీ పెట్టి ఆ మూల బరువు స్ట్రట్ మీదికి వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. బళ్ళారి రోడ్డు వైపు నేను పోయే షెడ్డులో పెద్దాయన ఈ పని చేసేటప్పుడు పక్కన కుర్రాడు తొందరపడితే "ఉండప్పా, బండి ముందు తన కాళ్ళ మీద తాను నిలబడనీ" అంటాడు. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. బిగించిన బుష్‌లు మాత్రం ఏళ్ళ తరబడి ఉంటాయి.

బుష్ అనగానే రబ్బరు కంటే గట్టిదైన పాలీయురిథేన్ (పాలీ) వేద్దామంటారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకిని కాను, కానీ మన పరిస్థితికి ముందు బుష్ వరకే చాలంటాను. రబ్బరు మెలిపడి పనిచేస్తే, పాలీ బుష్ గొట్టం మీద జారి పనిచేస్తుంది. జారాలంటే గ్రీజు కావాలి. గ్రీజు ఉన్నచోటికి మా దుమ్ము చేరుతుంది. గ్రీజు ఎండితే కీచుమంటుంది, బిగుసుకుంటుంది, ఆర్మ్ సాఫీగా కదలదు. పైగా వెనక బుష్ ఒకే దిశలో తిరగదు, పక్కలకూ వంగాలి. గట్టి పాలీ ముక్క అక్కడ వేస్తే వంగలేక బ్రాకెట్ మీద ఒత్తిడి పెడుతుంది. అదే కారు వారంలో ఆరు రోజులు ఆఫీసుకూ బడికీ తిరగాలి. కంపెనీ కొత్త లోయర్ ఆర్మ్ జత, రెండు వైపుల చక్రాలను కలిపి ఒరుగును తగ్గించే స్టెబిలైజర్ బార్‌కు కొత్త లింక్ రాడ్లు, కొత్త టాప్ మౌంట్లు వేసుకుంటే కొన్ని వేలతో పోతుంది, స్టీరింగ్‌లో వచ్చే మార్పు మొదటి మలుపులోనే చేతికి తెలుస్తుంది.

డ్యాంపర్ల విషయంలో మా రోడ్లే నాకు పాఠం చెప్పాయి. తాడిపత్రి, ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడి నేలలు. వానకు ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుపోతాయి. పైన తారు ఎంత బాగా వేసినా రెండు మూడేళ్ళకు రోడ్డు అలలు తిరుగుతుంది. గుంత ఉండదు, కానీ బండి లేచి పడుతూ ఉంటుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి దారుల్లో సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు తొక్కిన చోట చక్రాల దారులు కుంగి ఉంటాయి. అలాంటి రోడ్డు మీద బలహీనమైన డ్యాంపరు ఎంత బలహీనమో తేలిపోతుంది. అల దాటాక బాడీ పైకి లేచి, ఒక్కసారి కుదురుకోకుండా ఇంకోసారి ఊగిందంటే స్ప్రింగు విప్పుకోవడాన్ని అది ఆపలేకపోతోందని అర్థం. కోన్ల మధ్య ఎడమకు తిప్పి వెంటనే కుడికి తిప్పినప్పుడు కూడా జరిగేది ఇదే. మొదటి ఒరుగు ముగియకముందే రెండో ఒరుగు మొదలవుతుంది. స్ట్రట్ గొట్టం మీద నూనె తడి కనిపించిందంటే ఇక పరీక్షలు కూడా అవసరం లేదు, రెండు వైపులా మార్చేయడమే. కంపెనీ ఎత్తుకే సరిపోయే, కొంచెం గట్టి డ్యాంపర్లు దొరికితే నేను కళ్ళు మూసుకుని అవే కొనమంటాను.

స్ప్రింగులు గట్టిపరచాలనుకునేవాళ్ళకు ఇంకొక లెక్క. ఒక ముందు చక్రం మీద బాడీ బరువు 250 కిలోలు అనుకుందాం. మామూలు బండి సెకనుకు 1.2 సార్లు ఊగేటట్టు ఉంటే చక్రం దగ్గర స్ప్రింగు బలం మిల్లీమీటరుకు 14 న్యూటన్ల దగ్గర ఉంటుంది. ట్రాక్ కారులా 2 సార్లు ఊగాలంటే 39 కావాలి. అంటే రెండున్నర రెట్లకు పైనే. బజారులో దొరికే దించే స్ప్రింగులు ఈ దూరంలో చిన్న ముక్క కూడా దాటవు. ఎత్తు తగ్గిస్తాయి కానీ, ఆ తగ్గిన ఎత్తులో బంప్ స్టాపరు తగలకుండా ఉండేంత బలం ఇవ్వవు. పోనీ నిజంగానే 39 వేశారనుకోండి. స్ప్రింగు బలం రెట్టింపైతే దానికి తగ్గ డ్యాంపింగు కూడా సుమారు 1.4 రెట్లు పెరగాలి. పాత డ్యాంపరుతో గట్టి స్ప్రింగు కలిస్తే నల్లరేగడి రోడ్డు మీద టైరు గాల్లోనే ఎక్కువసేపు ఉంటుంది. గట్టిదనం పట్టు ఇవ్వదు. పట్టు టైరు నేల మీద ఉన్నప్పుడే వస్తుంది.

స్టెబిలైజర్ బార్ గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. బార్ బలం దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 వేస్తే 46 శాతం గట్టిపడుతుంది. చిన్న మార్పులా కనిపించే పెద్ద మార్పు. ఒరుగు తగ్గి కాంబర్ నిలబడుతుంది కాబట్టి మెక్‌ఫర్సన్ ముందు చక్రాలకు కొంత మేలే, కానీ లోపలి చక్రం మీద బరువు తగ్గి మలుపు బయటకు వచ్చేటప్పుడు అది వట్టిగా తిరుగుతుంది. నా సలహా, అరిగిన లింక్ రాడ్లూ బార్ రబ్బర్లూ మార్చి కంపెనీ బార్‌నే ఉంచండి. బార్ మార్చాలనే కోరిక ఉంటే వెనక వైపు ఆలోచించండి.

మరి ముందు టైరు భుజం అరగడానికి మందు ఏమిటి? కాంబర్. స్ట్రట్‌ను నకిల్‌కు రెండు బోల్టులతో కలిపే బండ్లలో, వాటిలో ఒకదాని స్థానంలో అసమకేంద్ర బోల్టు, అంటే కాంబర్ బోల్టు వేస్తే చక్రం పైభాగాన్ని డిగ్రీ నుంచి డిగ్రీన్నర దాకా లోపలికి వంచవచ్చు. రోజూ తిరిగే బండికి నెగటివ్ (లోపలికి వాలిన) ఒకటిన్నర డిగ్రీలు, పోటీకే ఉంచిన బండికి రెండున్నర దాకా. సస్పెన్షన్‌లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే భాగం నాకు ఇంకొకటి కనపడలేదు. కాంబర్ మారితే టో తప్పకుండా మారుతుంది కాబట్టి రెండూ ఒకే పూటలో చేయించాలి. కాంబర్ వల్ల టైరు లోపలి అంచు తినేస్తుందని భయపెడతారు. టైరును నిజంగా తినేది తప్పుడు టో. సున్నా టోతో ఒకటిన్నర డిగ్రీల కాంబర్ ఉన్న బండి రోడ్డు మీద టైర్లను బాగానే నిలుపుతుంది.

అలైన్‌మెంట్ షాపులో దీని కోసం కొంచెం పట్టుదల కావాలి. తెర మీద అంకెలన్నీ పచ్చరంగులోకి వస్తే వాళ్ళ పని అయిపోయినట్టు. "అంతా గ్రీన్‌లో ఉంది సార్, ఇంకేం గావల్ల?" అంటారు. పచ్చ అంటే కంపెనీ ఇచ్చిన హద్దుల లోపల ఉందని మాత్రమే. ఆ హద్దుల్లో కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ అర డిగ్రీకి పైగా తేడా ఉన్నా పచ్చగానే ఉండవచ్చు. మీకు కావాల్సిన అంకె కాగితం మీద రాసుకుని పోండి, రెండు వైపులా సమానంగా రావాలని ముందే చెప్పండి, స్టీరింగ్ నిటారుగా లాక్ చేసి టో పెట్టించండి, డ్రైవరు బరువుకు సమానమైన ఇసుక మూట సీటులో పెట్టించండి. అరగంట ఎక్కువ పడుతుంది. దానికి ఇంకో వంద ఎక్కువ అడిగితే సంతోషంగా ఇవ్వండి.

ఈ పనులన్నీ చేశాక బండిని పరీక్షించే చోటు 44వ నంబరు జాతీయ రహదారి కాదు. రాత్రిపూట బెంగళూరు దారిలో పందేలు వేసే కుర్రవాళ్ళ గురించి వింటుంటే నాకు గుండెలు అదురుతాయి. ఎదురుగా రాంగ్ రూటులో వచ్చే ట్రాక్టరుకు మీ కాంబర్ సంగతి తెలియదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందెం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, రెండోసారి అయితే ఏడాది దాకా జైలు, 10,000 దాకా జరిమానా. అదే చట్టంలో 52వ సెక్షన్ బండి మార్పుల గురించి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అరిగిన బుష్‌కు బదులు కంపెనీ బుష్ వేయడం మరమ్మతు. నంబరు ప్లేటుతో రోజూ రోడ్డెక్కే బండికి దించడాలూ కోయడాలూ వద్దనడానికి ఇదీ ఒక కారణం. పోటీ అంటే లైసెన్సుతో, హెల్మెట్‌తో, ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనుమతి ఉన్న చోటే. మాకు బెంగళూరు దగ్గరి పోటీలు, కడపవాళ్ళకు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ అందుబాటులోనే ఉన్నాయి. పేరు నమోదు చేసుకునే ముందు మీ క్లాసు నిబంధనలు చదవండి. ఏ భాగం మార్చవచ్చో, ఏది మారిస్తే పై క్లాసులోకి నెట్టేస్తారో అందులో ఉంటుంది.

జేఎన్‌టీయూలో మెకానికల్ చదివే పిల్లలు కాలేజీల మధ్య జరిగే బాజా పోటీలకు బగ్గీలు కడుతుంటారు. ఆర్మ్ కోణాలు, రోల్ సెంటర్లు కంప్యూటర్ మీద గీసి, రాత్రంతా వాదించుకుంటారు. వాళ్ళను చూస్తే నాకు సంతోషం. అదే బుర్ర తమ ఇంటి స్విఫ్ట్ మీద కూడా పెడితే ఈ జిల్లాలో సస్పెన్షన్ తెలిసిన మెకానిక్‌లకు కొదవ ఉండదు. ఒక శనివారం ఆ పిల్లలు, షెడ్డు పెద్దాయన ఒకే లిఫ్టు కింద నిలబడి మాట్లాడుకోవాలని నా కోరిక. ఇద్దరి దగ్గరా చెరి సగం ఉంది.

పని పూర్తయ్యాక ఇంకొక్కటి మిగులుతుంది. కాంబర్ బోల్టులు, లోయర్ ఆర్మ్ బోల్టులు, స్ట్రట్ కింది బోల్టులు బిగించిన వెంటనే తెల్ల పెయింటుతో బోల్టు తల మీది నుంచి బ్రాకెట్ మీదికి ఒక సన్నని గీత గీయండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, ప్రతి పోటీ తర్వాత ఒకసారి టార్చి వేసి ఆ గీతలు చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే బోల్టు తిరిగింది, కాంబర్ కూడా జారింది. ముందు టార్క్ రెంచితో బిగించి, ఆ తర్వాత అదే కాగితం పట్టుకుని అలైన్‌మెంట్ షాపుకు పోండి.